బ్రెగ్జిట్ సర్వేలు చదవాలంటే ముందు ప్రశ్న చూడండి

ఐరోపా దేశాల కూటమి అయిన ఐరోపా యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడమే బ్రెగ్జిట్. రావాలా వద్దా అని 2016 జూన్‌లో అక్కడి ప్రజలనే ఓటు వేయమన్నారు. ఆ ఏడాది వసంతంలో నేను బ్రిటన్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక సర్వే సంస్థ తరఫున ఫోన్లు చేసేదాన్ని. తెరమీద ఉన్న ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఐరోపా యూనియన్‌లో కొనసాగాలా, బయటికి రావాలా? ఒక పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. పొయ్యిమీద ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి, "మా ఆయనైతే వద్దనేవాడమ్మా, నాకే తెలియడం లేదు" అంది. ఆమె జవాబు "తెలియదు" గడిలోకి వెళ్లింది. పత్రికలు చాలాసార్లు ఆ గడిని తీసేసి, మిగిలినవారితోనే నూటికి లెక్క కడతాయి. అందుకే సర్వే చేతికి రాగానే ఎంతమంది తేల్చుకోలేదో వెతకండి. తేడా నాలుగు శాతం, తేల్చుకోనివారు పది శాతం అయితే ఎవరు ముందున్నారో చెప్పలేం.

తర్వాత ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి. ఓటు కాగితం మీద ప్రభుత్వం మొదట "సభ్యదేశంగా కొనసాగాలా?" అని అడిగి, అవును లేదా కాదు అనిపించుకోవాలనుకుంది. అది ఒకవైపు మొగ్గుతోందని ఎన్నికల కమిషన్ 2015లో అభ్యంతరం చెప్పడంతో కొనసాగాలా, బయటికి రావాలా అన్న రెండు మాటలూ ప్రశ్నలోకి వచ్చాయి. ఇప్పటి సర్వేల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. "బయటికి రావడం తప్పా?" అన్న ప్రశ్నకు కొన్నేళ్లుగా తప్పు అనేవారే ఎక్కువ. "మళ్లీ చేరాలా?" అన్నది వేరే ప్రశ్న. యూరో కరెన్సీ కూడా తీసుకోవాలంటే ఒప్పుకునేవారు ఇంకా తగ్గుతారు. ఈ మూడింటినీ కలిపి ఒకే శీర్షిక పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎలా అడిగారో చూడండి. ఆ వసంతంలో ఫోన్ సర్వేలు ఉండాలనేవారు బాగా ముందున్నారని చూపాయి. ఆన్‌లైన్ సర్వేల్లో ఇద్దరూ దాదాపు సమానం. మాకు ఫోనులో తేలిగ్గా దొరికింది డిగ్రీలు చదివినవారు, వారిలో ఎక్కువమంది ఉండాలన్నవారే. జూన్ 23న బయటికి రావాలన్నవారు 51.9 శాతం, ఉండాలన్నవారు 48.1. ఓట్లలో తేడా సుమారు 12.7 లక్షలు. వెయ్యిమందిని అడిగిన సర్వేలో ఒక్కో అంకె మూడు శాతం అటూ ఇటూ కావచ్చు కాబట్టి, అంత తక్కువ తేడాను ఒక్క సర్వేతో పట్టుకోవడం కుదరదు.

స్కాట్లాండ్‌ను విడిగా చూపే వరుసను నమ్మకండి. అక్కడ 62 శాతం ఉండాలన్నారన్నది ఓట్ల లెక్క, నిజం. కానీ వెయ్యిమంది సర్వేలో స్కాట్లాండ్‌వారు ఎనభై, తొంభై మందే ఉంటారు.

ఎవరిని అడిగారన్నది నాకు అన్నిటికంటే దగ్గరి విషయం. అక్కడ ఉంటున్న కామన్వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) పౌరులకు ఓటుంది కాబట్టి భారత పాస్‌పోర్టుతోనే నేను ఓటు వేశాను. పక్క కుర్చీలో కూర్చుని అదే ప్రశ్న రోజంతా అడిగిన పోలండ్ అమ్మాయికి మాత్రం ఓటు లేదు, వాళ్లది కామన్వెల్త్ దేశం కాదు. సర్వే కింద "పెద్దలందరూ" అని ఉందా, "ఓటర్లు" అని ఉందా చూడండి. మొదటిదైతే అందులో ఆమె మాటా ఉండవచ్చు, రెండోదైతే ఉండదు.