లగ్జరీ కారు ఎలా కొనాలి? లోగో కన్నా ముందు మీరు ఏ సీట్లో కూర్చుంటారో తేల్చుకోండి

జూబ్లీహిల్స్ షోరూమ్‌లోకి అడుగు పెట్టగానే కాఫీ వస్తుంది, ఏసీ చల్లగా తగులుతుంది, "సార్ ఒకసారి లోపల కూర్చోండి" అంటారు, ఇంక అరగంటలో ఇంట్లోకి ఫ్రిజ్ కొనడానికి ఆలోచించినంత కూడా ఆలోచించకుండా అరవై లక్షల బండికి టోకెన్ ఇచ్చేసే మూడ్‌లోకి వచ్చేస్తాం. తప్పేం లేదు, ఆ షోరూమ్ కట్టిందే అందుకు. కాబట్టి అక్కడికి వెళ్ళకముందే ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని కొంచెం ఉంది. ఇక్కడ రాసేది కొత్త బండికీ పనికొస్తుంది, సెకండ్ హ్యాండ్‌కీ పనికొస్తుంది.

1. డ్రైవర్ ఉన్నాడా, మీరే నడుపుతారా?

మొదటి ప్రశ్న బడ్జెట్ కాదు, ఇదే. మన దగ్గర యాభై లక్షలు దాటిన బండి కొనేవాళ్ళలో చాలామంది వెనక ఎడమ సీట్లో కూర్చుంటారు. ఈ విషయం ముందుగా గట్టిగా పట్టుకున్నది మెర్సిడెస్ వాళ్ళు, 2017లోనే ఈ-క్లాస్‌ని లాంగ్ వీల్‌బేస్‌లో, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం పెంచి తెచ్చి కాళ్ళు చాపుకునే జాగా ఇచ్చారు. బీఎండబ్ల్యూ అంటే నడిపేవాడి బండి అని దునియా అంతా పేరు, అలాంటిది వాళ్ళు కూడా 2021లో 3 సిరీస్‌ని సాగదీసి గ్రాన్ లిమోసిన్ అన్నారు, 2024లో 5 సిరీస్ కూడా పొడుగుదే తెచ్చారు. స్టీరింగ్ గురించి ఎన్ని యాడ్లు చేసినా ఇక్కడ డబ్బు కట్టేవాడు వెనక సీట్లో ఉన్నాడని వాళ్ళకీ అర్థమైపోయింది.

మీరే నడుపుతారు, వీకెండ్‌లో శ్రీశైలమో విజయవాడో వెళ్తారు అంటే ఆ పొడుగు మీకు అక్కర్లేదు, పైగా తలనొప్పి. 5 మీటర్లు దాటే బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య పెట్టి డోర్ తెరిచి బయటికి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. టేపు తీసుకుని మీ స్లాట్ కొలవండి, ర్యాంప్ ఎంత ఏటవాలుగా ఉందో చూడండి, లిఫ్ట్ పార్కింగ్ అయితే ఎంత బరువు మోస్తుందో వాచ్‌మన్‌ని కాదు, అసోసియేషన్ వాళ్ళని అడగండి.

2. కంపెనీ అమ్ముతున్నదేంటో చదవండి

కారు అందరూ అమ్ముతారు, దాంతో పాటు ఇంకోటి అమ్ముతారు, ఆ ఇంకోటి మీకు కావాలా లేదా అన్నదే ప్రశ్న. వోల్వో అమ్మేది భద్రత, అది ఊరికే వచ్చిన పేరు కాదు, ఇప్పుడు మనందరం పెట్టుకునే మూడు పాయింట్ల సీట్ బెల్ట్‌ని 1959లో తెచ్చింది వాళ్ళే, పేటెంట్ పట్టుకుని కూర్చోకుండా మిగతా కంపెనీలని కూడా వాడుకోనిచ్చారు. అలా సంపాదించిన పేరు ఓనర్ మారి 2010లో చైనా గీలీ చేతికి వెళ్ళినా పోలేదు.

లెక్సస్‌ది ఇంకా మంచి కథ. 1989లో టయోటా వాళ్ళు అమెరికాలో ఎల్ఎస్ 400తో మొదలుపెట్టారు, అప్పటికి జపాన్ బండి అంటే చవక బండి అనే పేరు, జర్మన్ కార్ల పక్కన ఎవరు నిలబెడతారు? నాలుగు నెలలు కూడా తిరక్కముందే చిన్న లోపం బయటపడి దాదాపు 8 వేల బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాళ్ళేం చేశారంటే కస్టమర్ ఇంటికెళ్ళి బండి తెచ్చి, బాగుచేసి, కడిగి, ట్యాంక్ నింపి మళ్ళీ ఇంటి దగ్గర పెట్టారు. పరువు పోవాల్సిన చోట పేరొచ్చింది. కోట్లు పెట్టి యాడ్ చేసినా రాని పేరది.

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ జాగ్వార్. 2024 నవంబర్‌లో కొత్త లోగో, కొత్త రంగులతో ఒక యాడ్ వదిలారు, అందులో కారే లేదు. ఆ యాడ్ చూసి నవ్వనివాళ్ళు తక్కువ. జాగ్వార్‌ని టాటా వాళ్ళు 2008లో కొన్నారు, అదే గూట్లో ల్యాండ్ రోవర్ కూడా ఉంది, వాళ్ళ డిఫెండర్‌ని చూస్తే చాలు, ఇది బురదలో పోయే బండి అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకడికి తానెవరో తెలుసు, ఇంకొకడు వెతుక్కుంటున్నాడు.

నన్నడిగితే మన మార్కెట్లో లగ్జరీ కంపెనీలు చేయాల్సింది యూత్ వెంటపడటం, ఈవెంట్లు పెట్టి సెలబ్రిటీతో ఫోటోలు దిగడం కాదు. అయిదేళ్ళలో సర్వీస్‌కి ఎంతవుతుందో గోడ మీద రాసి పెట్టమనండి, వారంలో పార్ట్ రాకపోతే ఏ బండి ఇస్తారో రాసి పెట్టమనండి. ఫార్చ్యూనర్ కొనేవాడు ఫార్చ్యూనర్ దగ్గరే ఆగిపోయేది డబ్బుల్లేక కాదు, ఏ ఊర్లో ఆగినా మెకానిక్ దొరుకుతాడు, అమ్మితే రేటొస్తుంది అన్న ధైర్యంతో. లగ్జరీ బండికి అవి ఉండవేమో అన్న భయం తీర్చకుండా సన్‌రూఫ్ ఎంత పెద్దదో చెప్తే ఏం లాభం?

ఇంకో సంగతి, చిన్న మోడళ్ళ దగ్గర కాస్త జాగ్రత్త. కంపెనీ పేరు కోసం అన్నిట్లోకీ చిన్నది కొంటే కింద ఉండే సరుకు వేరే చోట తక్కువకి దొరికేదే అయి ఉండొచ్చు. ఆడి క్యూ3, స్కోడా కొడియాక్ రెండూ ఒకే ఫోక్స్‌వ్యాగన్ ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ (బండి కింది ప్రధాన నిర్మాణం) మీద పుట్టినవి. లెక్సస్ ఈఎస్, టయోటా క్యామ్రీ కూడా చుట్టాలే. తేడా లేదని కాదు, లోపల మెటీరియల్, సైలెన్స్, షోరూమ్ మర్యాద అన్నీ వేరు. ఆ తేడాకి మీరు ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

3. ఎక్స్‌షోరూమ్ మర్చిపోండి, ఆన్‌రోడ్ లెక్క వేయండి

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకి సెస్సులు తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు, అది ఎక్స్‌షోరూమ్‌లోనే కలిసి ఉంటుంది. దాని మీద లైఫ్ ట్యాక్స్. 20 లక్షలు దాటిన బండికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీసం 18 శాతం వేసుకోండి, అంటే 60 లక్షల బండికి 10 లక్షల 80 వేలు అక్కడే పోయింది. కంపెనీ పేరు మీద తీసుకున్నా, ఇంట్లో రెండో బండి అయినా ఇంకొంచెం పెరగొచ్చు, రేట్లు కూడా మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే వారం ఆర్టీఏ సైట్ చూసుకోండి. ఇవి కాక 10 లక్షలు దాటితే టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) 1 శాతం కట్టించుకుంటారు, ఇది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, చాలామంది మర్చిపోతారు.

బిజినెస్ వాళ్ళలో ఒక భ్రమ ఉంది, కంపెనీ పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని. మామూలు ప్యాసింజర్ కారుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదండీ, డిప్రిసియేషన్ (ఏటా బండి విలువ తరిగినంత ఖర్చు) మాత్రం చూపించుకోవచ్చు. మీ సీఏతో ఓసారి మాట్లాడాకే ఆ లెక్క నమ్ముకోండి.

ఎలక్ట్రిక్ అయితే కథ మారిపోతుంది. జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు లైఫ్ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చారు. అందుకే పెట్రోల్ బండి పక్కన పెడితే ఎక్స్‌షోరూమ్ దగ్గర ఖరీదుగా కనిపించిన ఎలక్ట్రిక్ బండి ఆన్‌రోడ్ దగ్గరికొచ్చేసరికి చవకైపోవచ్చు. బీఎండబ్ల్యూ ఐఎక్స్1ని కూడా ఇక్కడ లాంగ్ వీల్‌బేస్‌లోనే అమ్ముతున్నారు, మళ్ళీ అదే వెనక సీటు.

ఈఎంఐ తక్కువ చూపించే స్కీములు ఉంటాయి, చివర్లో ఒకేసారి కట్టాల్సిన పెద్ద మొత్తం పక్కన పెట్టి నెలకి ఇంతే సార్ అంటారు. మూడునాలుగేళ్ళకి బండి తిరిగిచ్చేసే ఆలోచన ఉంటే ఓకే, లేదంటే ఆ చివరి అంకె పేపర్ మీద రాయించుకోండి. అమెరికాలో ఉండే మనవాళ్ళు లీజుకి తీసుకుని ఫోటో పెడితే అది చూసి ఇక్కడ లోన్ పెట్టి కొనడం రెండూ ఒకటి కాదు, వాళ్ళు మూడేళ్ళకి తాళాలు ఇచ్చేస్తారు, మీరు అమ్ముకోవాలి.

4. టెస్ట్ డ్రైవ్‌కి అమ్మానాన్నలని తీసుకెళ్ళండి

షోరూమ్ వాళ్ళు నున్నటి రోడ్డు మీద తిప్పుతారు. మీరు మీ కాలనీకే తీసుకెళ్ళమనండి. రోజూ దాటే స్పీడ్ బ్రేకర్ మీద నలుగురిని కూర్చోబెట్టి దాటించండి, కింద తగిలిందా లేదా చెవితో వినండి. నాన్న మోకాళ్ళ నొప్పితో వెనక సీట్లోకి ఎక్కి దిగగలరా, సీటు మరీ కిందకి ఉందా, తొడల కింద ఆధారం ఉందా, వెనక ఏసీ చాలుతుందా చూడండి. ముందు సీట్లో మీరు కూర్చుని మురిసిపోవడానికి ఇంకా చాలా రోజులున్నాయి.

5. సర్వీస్ ఎక్కడుంది?

హైదరాబాద్‌లో ఉంటే ఈ పాయింట్ వదిలేయొచ్చు. కర్నూలు, ఖమ్మం, రాజమండ్రి వైపు వాళ్ళు మాత్రం మ్యాప్ తీసి దగ్గరి ఆథరైజ్డ్ వర్క్‌షాప్ ఎన్ని కిలోమీటర్లో చూడండి. కొన్ని మోడళ్ళలో స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు, గాలి పోయినా మామూలుగా గంటకి 80 మించకుండా ఓ 80 కిలోమీటర్లు పోవచ్చు అంటారు. కర్నూలు నుంచి హైదరాబాద్ 200 పైనే. మధ్యలో హైవే పక్క పంక్చర్ షాపు అతను ఆ టైర్ రిమ్ నుంచి ఊడదీయలేక చేతులెత్తేస్తే అక్కడే ఆగాలి. స్టెప్నీ ఉందా అని డిక్కీ తెరిచి చూడ్డానికి నామోషీ పడకండి.

6. బేరం ఎక్కడ ఆడాలి

మెర్సిడెస్ వాళ్ళు 2021 అక్టోబర్ నుంచి ఇక్కడ స్టాక్ తమ దగ్గరే పెట్టుకుని దేశమంతా ఒకే ధరకి నేరుగా అమ్ముతున్నారు, డీలర్ మధ్యలో ఏజెంట్ లెక్క. కాబట్టి అక్కడ గుంజినా పెద్దగా రాదు. నాకు ఆ పద్ధతే నచ్చింది, పోయిన నెల కొన్నవాడు ఈ నెల కొన్నవాడిని చూసి ఏడవక్కర్లేదు, డిస్కౌంట్ బోర్డు పెట్టిన రోజే పాత కస్టమర్ బండి రీసేల్ కూడా పడిపోతుంది కదా. మిగతా చోట్ల డిసెంబర్ చివర్లో పాత ఏడాది స్టాక్ మీద గట్టిగా అడగండి, తయారైన నెల కూడా అడగండి. ఎవరి దగ్గరైనా సరే ఎక్స్చేంజ్ బండి రేటు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, సర్వీస్ ప్యాకేజీ, ఇన్సూరెన్స్, ఈ నాలుగింట్లో సందు ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపించండి. అందులో ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ మాత్రం వదలొద్దు, వాన నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ కొడితే ఇంజన్‌లోకి నీళ్ళు పోయి రాడ్లు వంగిపోతాయి, మామూలు పాలసీ దానికి డబ్బులివ్వదు.

7. సెకండ్ హ్యాండ్ అయితే

మూడునాలుగేళ్ళలో సగానికి దగ్గరగా పడిపోయే రేటు చూసి నోరూరుతుంది, కానీ కొన్న ధర తగ్గింది గానీ పార్టుల ధర తగ్గలేదు అని గుర్తుంచుకోండి. కోటి రూపాయల బండి ముప్పై లక్షలకి వచ్చినా దాని ఎయిర్ సస్పెన్షన్ కోటి రూపాయల బండిదే.

ముందు వరద బండి కాదని తేల్చుకోండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ, ఎన్ని కార్లు మునిగాయో మనం చూసినవాళ్ళమే. సీట్ బెల్ట్‌ని చివరి దాకా బయటికి లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు ముక్క మీద మట్టి చార కనిపిస్తే అక్కడే దండం పెట్టేసి వచ్చేయండి. సీటు పట్టాల కింద బోల్టుల తుప్పు, డిక్కీలో మ్యాట్ కింద గుంత, కార్పెట్ కింద చెయ్యి పెడితే చెమ్మ, ఇవన్నీ చూడండి. సెంట్ వాసన మరీ ఎక్కువగా కొడుతుంటే అనుమానించండి.

తర్వాత ఛాసిస్ నంబర్‌తో ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌లో సర్వీస్ హిస్టరీ తీయించండి, ఓనర్ చేతనే ఫోన్ చేయిస్తే సులువు. మీటర్ తిప్పారా లేదా అక్కడే తెలిసిపోతుంది, పోయినేడాది బిల్లులో 78 వేల కిలోమీటర్లు ఉండి ఇప్పుడు మీటర్ 52 వేలు చూపిస్తే ఇంకేం మాట్లాడాలి. స్కానర్ పెట్టి ఎర్రర్లు చూపించమనండి, ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి.

ఢిల్లీ బండ్లు చవక, ఎందుకంటే అక్కడ 10 ఏళ్ళు దాటిన డీజిల్‌కి, 15 ఏళ్ళు దాటిన పెట్రోల్‌కి ఆంక్షలు పెట్టారు, ఇప్పుడు అవి కొంత సడలాయి. తెచ్చుకోవచ్చు, కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్ళీ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్, ఓనర్ మార్పుకి ఫారం 29, 30, లోన్ తీరి ఉంటే ఫారం 35, ఇవన్నీ కలిపాక కూడా చవకేనా లెక్క చూడండి. ట్యాక్స్ తక్కువని పుదుచ్చేరి నంబర్‌తో ఇక్కడే తిప్పుతాం అంటే తనిఖీలో ఆపినప్పుడు మొత్తం కట్టాల్సిందే.

8. డెలివరీ రోజు

పూజ, ఫోటో, కేక్ హడావుడిలో పడకముందే పగటి వెలుతురులో బండి చుట్టూ ఓసారి తిరగండి. ఇన్‌వాయిస్‌లో ఛాసిస్ నంబర్, బండి మీద నంబర్ ఒకటేనా, మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, రెండు తాళాలు ఇచ్చారా చూసుకోండి. టైర్ పక్కన నాలుగు అంకెలుంటాయి, 1225 అని ఉంటే 2025లో 12వ వారం తయారైందని, అయిదు టైర్లు ఉంటే అయిదూ చూడండి. ఫ్యాన్సీ నంబర్ కావాలంటే వేలం ఎలాగూ ఆన్‌లైన్‌లోనే, 9999 మీద ఆశ ఉన్నవాళ్ళు బండి బడ్జెట్లో ఇంకొన్ని లక్షలు కలుపుకోండి. రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చి, ఇన్సూరెన్స్ ఆ రోజు నుంచే మొదలైందని పాలసీలో చూసుకున్నాకే నిమ్మకాయలు తొక్కించి గేటు దాటండి.