పాత జీపు పని – నాలుగో పాఠం: ఆ మోత ఎక్కడిది?

పోయిన పాఠంలో ఇంజన్‌ను మౌంటింగుల మీద కూర్చోబెట్టి స్టార్ట్ చేశాం. నూనె ప్రెషర్ వచ్చింది, పొగ సర్దుకుంది, చూడ్డానికి వచ్చిన నలుగురూ టీ తాగి వెళ్లిపోయారు. ఇప్పుడు జీపును షెడ్డులోంచి తీసి అనంతపురం నుంచి తాడిపత్రి రోడ్డులో ఒక పది కిలోమీటర్లు తోలుకుని రండి. వెళ్లేటప్పుడు పక్కన ఎవరితోనూ మాట్లాడొద్దు, పాటలు పెట్టొద్దు. మోత వినిపిస్తుంది. ఇంజన్ మార్చిన పాత జీపు ఏదో ఒక మోత లేకుండా రోడ్డెక్కడం నేనైతే చూడలేదు.

ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు. కొత్తగా వేసింది ఇంజనే కాబట్టి మోత ఇంజన్‌దే అంటారు. లేదా గేర్‌బాక్సు పాతదే కదా అని దాన్ని దించుతారు. ఈ పాఠంలో మొదటి మూడు పరీక్షలకు పానా పట్టుకునే పనే లేదు. మోత ఏ ముక్కదో తేల్చుకునేదాకా, పరీక్ష కోసం తప్ప, ఒక్క బోల్టు కూడా వదులు చేయకూడదు.

చట్టం సంగతి మొదటి పాఠంలో చెప్పాను, కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా మారేట్టు బండిని మార్చకూడదు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేసినా ఆర్టీవో అనుమతి ముందే తీసుకుని, కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాల్సిందే.

ముందు షెడ్డులోనే, బండి కదలకుండా చేసే పరీక్ష. చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఇంజన్ ఆడుతుండగా, గేరు న్యూట్రల్‌లో ఉంచి, కాలు క్లచ్ మీద నుంచి పూర్తిగా తీసేయండి. గుర్రుమనే చప్పుడు ఉందా? ఉంటే, ఇప్పుడు పెడల్ మెల్లగా నొక్కండి. పెడల్ పూర్తిగా కిందికి పోయాక చప్పుడు ఆగిపోతే అది గేర్‌బాక్సు లోపలిది, ముఖ్యంగా ముందు షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడును గేర్‌బాక్సులోకి తెచ్చే కడ్డీ) బేరింగ్. ఎందుకంటే క్లచ్ విడిపోగానే ఆ షాఫ్ట్ నిలబడిపోతుంది. దీనికి తిరగేసి, కాలు పెట్టినప్పుడే చప్పుడు మొదలైతే అనుమానం ఇద్దరి మీద: పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను నెట్టే రిలీజ్ బేరింగ్, క్రాంక్ కొసలో ముందు షాఫ్ట్ మొనను పట్టే పైలట్ బేరింగ్. వీటిని విడదీయడం తేలికే. పెడల్‌ను బొటనవేలితో తాకినట్టు నొక్కగానే, క్లచ్ ఇంకా విడిపోకముందే కీచుమంటే రిలీజ్ బేరింగ్. పెడల్ అడుగుకు తాకి, గేరు వేసి, బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే మూలిగితే పైలట్ బేరింగ్. క్రాంక్ (ఇంజన్ తిప్పే ప్రధాన కడ్డీ) తిరుగుతూ ముందు షాఫ్ట్ ఆగి ఉన్నప్పుడే దానికి పని పడుతుంది, మిగతా వేళల్లో రెండూ కలిసే తిరుగుతాయి.

ఇంజన్ మార్చేటప్పుడు వంద రూపాయలు మిగులుతాయని పాత పైలట్ బేరింగే కొట్టి పెట్టేవాళ్లున్నారు. దాని కోసం మళ్లీ గేర్‌బాక్సు దించాల్సి వస్తే ఒక రోజు కూలి. లెక్క మీరే వేసుకోండి.

రోడ్డు మీద పరీక్ష రెండోది. యాభైలో పోతుండగా మోత బాగా వినిపించే చోట గేరు న్యూట్రల్‌కు తెచ్చి ఇంజన్‌ను ఐడిల్‌లో వదిలేయండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. మోత ఇంజన్‌తో పాటు దిగిపోతే వెతకాల్సింది ముందు వైపు: ఇంజన్, మౌంటింగులు, క్లచ్. బండి వేగంతోనే ఉంటే వెనక వైపు: ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), ప్రొపెల్లర్ షాఫ్టులు (దాన్నుంచి యాక్సిళ్లకు పోయే పొడుగు కడ్డీలు), క్రౌన్ పినియన్ (యాక్సిలు లోపలి గేర్ల జత), చక్రాల బేరింగులు. న్యూట్రల్‌లో ఉన్నా ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు చక్రాలతో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి దాన్ని వదిలిపెట్టొద్దు. పాత విల్లీస్ తరహా జీపుల్లో ఉండే డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసులో, టూవీల్‌లో పోతున్నా శక్తి మధ్య గేరు మీదుగా పక్కకు జరిగే వెనక షాఫ్ట్‌కు పోతుంది. కాబట్టి కాస్త మోత ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టాలనుకోవడం ముసలావిడ గురక మాన్పించాలనుకోవడమే.

మూడో పరీక్ష నాకు ఇష్టమైనది. ఏ పనిముట్లూ అక్కర్లేదు, కాలు చాలు. ఆక్సిలేటర్ తొక్కినప్పుడు మోత పెరిగి, వదిలినప్పుడు తగ్గితే క్రౌన్ పినియన్ పళ్లు ఒకదాన్నొకటి సరిగ్గా కరవడం లేదు. వదిలినప్పుడే గుయ్యిమంటే పినియన్ బేరింగులు వదులైనట్టు అనుమానించండి. తొక్కినా వదిలినా ఒకేలా ఉండి, మలుపులో ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం మారితే చక్రం బేరింగే.

ఇంకా తేలకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ పద్ధతి. వెనక షాఫ్ట్ పూర్తిగా ఊడదీసి, ఫోర్‌వీల్ వేసి, ముందు చక్రాలతోనే మట్టి రోడ్డులో నెమ్మదిగా నడపండి. మోత పోయిందంటే వెనక షాఫ్టో, వెనక యాక్సిలో అని తేలుతుంది. ఒక్క జాగ్రత్త: పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక షాఫ్ట్ తీశాక టూవీల్‌లో ఆ బ్రేకు లాగితే ఉత్త డ్రమ్మే ఆగుతుంది, బండి ఆగదు. మా షెడ్డు వాలులో ఒకసారి ఇలాగే బండి తనంతట తాను దిగి నీళ్ల డ్రమ్మును గుద్దింది. రాయి పెట్టాకే దిగండి.

ఇక ఒక్క కేసు దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇంజన్ మార్పులో అసలు తప్పు ఎక్కడ దాక్కుంటుందో ఇందులో ఉంది.

మా చిన్నాయన కొన్న జీపు మొదట పెట్రోల్‌ది, 134 ఘనపు అంగుళాల హరికేన్ ఇంజన్, అంటే దాదాపు 2199 సి.సి. కొనేటప్పటికే దానికి మహీంద్రా 2523 సి.సి. డి.ఐ. ఇంజన్ వేసి ఉన్నారు. పాత మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్సును అట్లే ఉంచి, మధ్యలో లేత్ షాపులో చేయించిన మందం ఇనుప పలక పెట్టారు. బండి బాగానే లాగేది. ఒక్కటే ఇబ్బంది. టాప్ గేరులో పోతూ కాలు తీయగానే గేరు టక్కుమని న్యూట్రల్‌కు దుంకేది. ఒక చేయి స్టీరింగ్ మీద, ఒక చేయి గేరు రాడ్డు మీద పట్టుకుని తోలడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ఒక షాపులో చూపిస్తే గేర్‌బాక్సు దించి సింక్రో (గేర్లు మెత్తగా కలిసేలా చేసే ముక్క) మార్చారు. నెల తర్వాత మళ్లీ అదే. రెండోసారి దించి మెయిన్ షాఫ్ట్ కూడా మార్చారు. ఈసారి పదిహేను రోజులు. చిన్నాయన అడిగితే, “బోల్టులు గట్టిగా ఉండాయి సామీ, ఇంకేం కావాలప్పా?” అన్నారట. ఆ మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

బోల్టులు పట్టుకుంటాయి, అంతే. ముక్కను సరైన చోట నిలబెట్టేవి డోవెల్ పిన్నులు. పది మిల్లీమీటర్ల బోల్టుకు పదకొండు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పలక ఏ పక్కకైనా అర మిల్లీమీటరు జరగగలదు. ఎంత బిగించినా అది జరిగిన చోటే బిగుస్తుంది. ఆ పలకకు పిన్నులే లేవు. టీ-90లో టాప్ గేరు అంటే ముందు షాఫ్టూ మెయిన్ షాఫ్టూ నేరుగా ఒకటైపోవడం. క్రాంక్ మధ్యగీత ఒక దారిలో, గేర్‌బాక్సు మధ్యగీత ఇంకో దారిలో ఉంటే ముందు షాఫ్ట్ ప్రతి చుట్టుకూ కొంచెం ఊగుతూ, రెండు షాఫ్టులనూ కలిపే స్లీవును వెనక్కి నెడుతుంది. గేరు దుంకుడు అక్కడ పుట్టింది. కొత్త సింక్రో ఏం చేస్తుంది పాపం.

ఎలా కొలిచామో చెప్తాను, మీరూ చేయొచ్చు. గేర్‌బాక్సు, క్లచ్ ఊడదీసి, బెల్ హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే గంట ఆకారపు డొప్ప) మాత్రం ఇంజన్‌కే బిగించి ఉంచాం. డయల్ గేజీ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) అయస్కాంతం కాలు ఫ్లైవీల్ (క్రాంక్ కొసన తిరిగే బరువైన చక్రం) మీద పెట్టి, ముల్లు మొనను హౌసింగ్ మధ్య రంధ్రం లోపలి గోడకు ఆనించాం. ఇంజెక్టర్లు తీసేశాం, కంప్రెషన్ లేకపోతే క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో చేత్తోనే తిప్పొచ్చు. ఒక చుట్టు తిప్పితే ముల్లు మొత్తం 0.70 మిల్లీమీటర్లు ఆడింది. ఇక్కడ కొత్తవాళ్లు లెక్క తప్పుతారు. ముల్లు చూపేది రెండు పక్కలా కలిపి; అసలు జరుగుడు అందులో సగం, 0.35. నేను పెట్టుకున్న హద్దు మొత్తం ఆడుడు 0.20 దాటకూడదని.

పలకను వదులు చేసి, చెక్క సుత్తితో తట్టుతూ, ముల్లు చూస్తూ, మళ్లీ తట్టుతూ సాయంత్రం దాకా పట్టింది. 0.12కి వచ్చాక బోల్టులు బిగించి, అదే స్థితిలో పలకను, హౌసింగును కలిపి రెండు చోట్ల కొత్త రంధ్రాలు వేసి, రీమర్ ఆడించి (రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చి) గట్టి డోవెల్ పిన్నులు దిగగొట్టాం. ముందు షాఫ్ట్ బేరింగ్ కొత్తది వేశాం, పైలట్ కూడా. గేరు దుంకడం ఆ రోజుతో ఆగింది. రెండుసార్లు గేర్‌బాక్సు దించినందుకు ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు, అడగనూ లేదు.

ఇప్పుడు వణుకు సంగతి. కొత్త ఇంజన్ కొంచెం వెనక్కో, కిందికో కూర్చుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారుతుంది. షాఫ్ట్ కొసల్లో ఉండే క్రాస్ జాయింట్ ఒక వాలులో తిరిగేటప్పుడు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు కొసల జాయింట్లూ ఒకే కోణంలో, ఎదురెదురుగా ఉంటే ఒకటి చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. లేకపోతే వణుకు. ఎంత వణుకో ఒక లెక్క: చక్రం చుట్టుకొలత 2.20 మీటర్లు, క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి వెయ్యి మీటర్లు, చక్రం సుమారు 455 చుట్లు, షాఫ్ట్ 2440 పైచిలుకు. సెకనుకు నలభై చుట్లు, వణుకు ఎనభైసార్లు. అది చేతికి తెలియదు, సీటుకు తెలుస్తుంది.

ఫోన్‌లో వాలు కొలిచే యాప్ చాలు. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే చదునైన అంచు) మీద, తర్వాత పినియన్ ఫ్లాంజ్ మీద ఫోన్ ఆనించి చూడండి. బండి నాలుగు చక్రాల మీద, సమంగా ఉన్న నాపరాళ్ల గచ్చు మీద నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు. రెండు కోణాల తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి. ఎక్కువుంటే యాక్సిలుకు, కమాన్ కట్టలకు మధ్య ఏటవాలు పలక పెట్టి సరిచేస్తాం. కమాన్ కట్టలు ఈమధ్యే కొట్టించి ఉంటే ఇంజన్‌ను అనకముందు దాన్నే అనుమానించండి. షాఫ్ట్ జారే కొస ఊడదీసేటప్పుడు తెల్ల పెయింటుతో రెండు ముక్కల మీదా గీత పెట్టుకోండి. ఒక్క పన్ను తప్పి ఎక్కిస్తే రెండు యోకులూ (క్రాస్‌ను పట్టే కొమ్ములు) వంకరపోయి, బండి అంతకుముందు లేని వణుకు పట్టుకుంటుంది.

మారుతి జిప్సీ వాళ్లకు ఒక చిన్న మాట. మీ ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్ట్‌తో విడిగా రబ్బర్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు పగిలి ఉంటే పైన చెప్పిన పరీక్షలన్నీ అబద్ధం చెప్తాయి. ముందు వాటిని చూడండి.

ఫోర్‌వీల్ పరీక్ష తారు రోడ్డు మీద చేయొద్దు. ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఈ బండ్లకు లేదు. ముందు టైరు చుట్టుకొలత 2.20, వెనకది అరిగి 2.16 అయితే కిలోమీటరుకు ఎనిమిది చుట్లకు పైగా తేడా వస్తుంది. ఆ తేడా జారడానికి ఇసుక కావాలి, తారు మీద అది షాఫ్టుల్లో మెలిక పడుతుంది. ఫోర్‌వీల్ రాడ్డు బయటికి రాక బిగుసుకుంటే లాగి విరగ్గొట్టుకోకండి, నాలుగడుగులు రివర్స్ పోండి, దానంతట అదే వదులుతుంది. తాడిపత్రి దగ్గర పెన్నా ఇసుక ఈ పనికి బాగుంటుంది, నీళ్లు లేనప్పుడు.

ఇంటి పని. ఒక వెనక చక్రం జాకీ మీద లేపండి, రెండోది నేల మీదే ఉండాలి, దానికి రాయి కట్టండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వదిలి. లేపిన టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీతలు పెట్టండి. టైరును సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఎంచండి. అదే మీ క్రౌన్ పినియన్ నిష్పత్తి. ఐదు దాటి మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ వస్తే 5.38. తర్వాత ముందు యాక్సిలుకూ అదే చేయండి. రెండు అంకెలూ, నాలుగు టైర్ల చుట్టుకొలతలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో ట్రాన్స్‌ఫర్ కేసు విప్పేటప్పుడు ఆ కాగితం పక్కనే ఉండాలి.