ఏపీ క్రెడిట్లు ఉన్నాయా? ముందు ఫ్లోచార్ట్ ప్రింట్ తీసి పెన్సిల్ పట్టుకోండి

మా పెద్దవాడు ఇక్కడ అమెరికాలో హైస్కూల్ పూర్తిచేసేనాటికి తొమ్మిది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలు రాశాడు. ఇవి హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది, మంచి స్కోరు వస్తే చాలా కాలేజీలు ఆ కోర్సు చదివినట్టే లెక్కేసి క్రెడిట్లు ఇస్తాయి. మెకానికల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది, చేతిలో 38 క్రెడిట్లు. ఇంకేముంది, మూడేళ్ళలో డిగ్రీ చేతికొస్తుంది, ఏడాది ఫీజు మిగులుతుంది అనుకున్నాం. వాడికి నాలుగేళ్ళూ పట్టింది. పైగా మొదటి సెమిస్టర్‌లోనే క్యాల్క్యులస్ 3లో సీ గ్రేడ్. ఆ డిసెంబరంతా ఇంట్లో టెన్షనే. రెండేళ్ళ తర్వాత మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు తొందరపడకుండా ఇద్దరం కూర్చుని లెక్క చూసుకున్నాం. అప్పుడు మేము చేసిందే ఇక్కడ రాస్తున్నాను.

క్రెడిట్లు కూడుతూ కూర్చోకండి. ప్రతి ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌కీ నాలుగేళ్ళ ఫ్లోచార్ట్ ఒకటి ఉంటుంది. ఒక్కో కోర్సుకి ఒక్కో డబ్బా, వాటి మధ్య బాణాలు. దాన్ని పెద్ద కాగితం మీద ప్రింట్ తీయండి. ఏపీ క్రెడిట్‌తో ఏ డబ్బా పోతుందో దాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి. మావాడి కాగితం మీద ఈ పని చాలా ఆలస్యంగా చేశాం. యూఎస్ హిస్టరీ, సైకాలజీ రెండు డబ్బాలు కొట్టేశాయి. హ్యూమన్ జాగ్రఫీకి, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి డబ్బాయే దొరకలేదు. అవి ‘ఫ్రీ ఎలెక్టివ్’ (మనకు నచ్చింది తీసుకునే కోర్సు) కింద ట్రాన్‌స్క్రిప్ట్‌లో చేరాయి. ఇంజినీరింగ్‌లో ఫ్రీ ఎలెక్టివ్‌కి చోటు దాదాపు ఉండదు కాబట్టి అవి ఉన్నా లేనట్టే.

తర్వాత బాణాల వెంట వేలు పెట్టి నడవండి. మెకానికల్‌లో అయితే క్యాల్క్యులస్, దాని వెంట ఫిజిక్స్ మెకానిక్స్, తర్వాత స్టాటిక్స్, డైనమిక్స్, మెషిన్ డిజైన్, చివర రెండు సెమిస్టర్ల సీనియర్ ప్రాజెక్ట్. ఒకటి పూర్తయితేగానీ ఇంకొకటి తీసుకోనివ్వరు. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు. డిగ్రీ ఎన్నేళ్ళు పడుతుందో తేల్చేది ఈ గొలుసే. గొలుసు మీద ఉన్న డబ్బాను కొట్టేసే పరీక్షలు కొన్నే: ‘క్యాల్క్యులస్ బీసీ’ (కాలేజీ క్యాల్క్యులస్ 1, 2లకు సాటి), ‘ఫిజిక్స్ సీ’లోని రెండు పేపర్లు (మెకానిక్స్, ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజమ్), కొన్ని బ్రాంచీల్లో కెమిస్ట్రీ. ఏపీలోనే ఉన్న ఫిజిక్స్ 1, 2 పరీక్షల్లో క్యాల్క్యులస్ ఉండదు. అందుకే ఇంజినీరింగ్ ఫిజిక్స్ బదులుగా వాటిని చాలాచోట్ల ఒప్పుకోరు. ‘కంప్యూటర్ సైన్స్ ఎ’ అనే ఏపీ పరీక్ష జావా భాషలో ఉంటుంది. మీ డిపార్ట్‌మెంట్ మొదటి ఏడాది సీ++ గానీ మ్యాట్‌ల్యాబ్ గానీ చెప్తుంటే ఆ క్రెడిట్ డబ్బాను కొట్టకపోవచ్చు.

కాలేజీని బట్టి కూడా మారుతుంది. కాల్‌టెక్ ఏపీకి అసలు క్రెడిట్ ఇవ్వదు. ఎంఐటీలో బీసీలో 5 వస్తే మొదటి క్యాల్క్యులస్ కోర్సు ఒక్కటే పోతుంది. టెక్సస్‌లో 2015 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3 స్కోరుకే క్రెడిట్ ఇవ్వాలి. అయితే క్రెడిట్ చేతికి రావడం వేరు, తర్వాతి కోర్సుకి పిల్లలు సిద్ధంగా ఉండటం వేరు.

ఇక్కడే మావాడు దెబ్బతిన్నాడు. బీసీలో వాడికి 5 వచ్చింది. ఈమధ్య ఏళ్ళలో బీసీ రాసినవాళ్ళలో 40 శాతానికి పైగా 5 తెచ్చుకుంటున్నారు, అన్నీ సరిగ్గా చేయకపోయినా ఆ స్కోరు వస్తుంది. పరీక్షలో కొంత భాగానికి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ వాడనిస్తారు. చాలా యూనివర్సిటీల ఫైనల్స్‌లో క్యాలిక్యులేటరే ముట్టుకోనివ్వరు. మే నెలలో పరీక్ష రాసి, ఆగస్టు చివరిదాకా పెన్సిల్ పట్టకుండా, నేరుగా క్యాల్క్యులస్ 3లో కూర్చున్నాడు.

అమ్మాయి విషయంలో ఏం చేశామంటే, తను చేరబోయే యూనివర్సిటీ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ పెట్టిన పాత ఫైనల్ పేపర్లు తీశాం. జులైలో ఒక ఆదివారం ఫోన్, క్యాలిక్యులేటర్ పక్క గదిలో పెట్టి, గడియారం ముందు పెట్టుకుని రాసింది. క్యాల్క్యులస్ 1 ఫైనల్ టైమ్ మిగిలేలా చేసేసింది. మరుసటి వారం క్యాల్క్యులస్ 2. ఇంటిగ్రల్స్ బాగానే వచ్చాయి. సిరీస్ (అనంత శ్రేణులు) దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. రేషియో టెస్ట్ చేసి ఇంటర్వల్ కనుక్కుంది గానీ, రెండు కొసల దగ్గర సిరీస్ కన్వర్జ్ అవుతుందో లేదో చూడాలన్న సంగతే మర్చిపోయింది. కాగితం నాకిచ్చి, “అమ్మా, నాకిది నిజంగా రాదు” అంది. ఆ మాట జులైలోనే తెలిసినందుకు నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. క్యాల్క్యులస్ 1 క్రెడిట్ ఉంచుకుని, 2 మళ్ళీ చదివింది. ‘ఎ’ గ్రేడ్ వచ్చింది, సిరీస్ కూడా వంటబట్టింది.

నా లెక్క ఇది: పాత ఫైనల్‌లో 85 శాతం దాటితే క్రెడిట్ తీసుకుని ముందుకెళ్ళండి. 70 లోపు వస్తే ఆ కోర్సు మళ్ళీ చదవడమే మేలు. మధ్యలో ఉంటే వేసవిలో ఆరు వారాలు కూర్చుని ఇంకో పేపర్ రాయండి. బ్రాంచిని కూడా చూసుకోండి. ఎలక్ట్రికల్ వాళ్ళకి ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజమ్ పునాది లాంటిది, ఎంత స్కోరు వచ్చినా మళ్ళీ చదవమనే అంటాను. సివిల్ వాళ్ళు క్రెడిట్ తీసేసుకోవచ్చు.

గొలుసు మీద లేని క్రెడిట్లు వృథా అని కాదు. చాలా కాలేజీల్లో ఎక్కువ క్రెడిట్లున్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ ముందు వస్తుంది. థర్మోడైనమిక్స్ చదివే సెమిస్టర్‌లో పక్కన హిస్టరీ పేపర్ ఉండదు. ఫీజు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. 12 నుంచి 18 క్రెడిట్లదాకా ఒకే ఫీజు తీసుకునే చోట, పూర్తిగా ఒక సెమిస్టర్ తగ్గితే తప్ప రూపాయి మిగలదు. స్కాలర్‌షిప్ ఉంటే సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండేలా చూసుకోవాలి. సులువైన కోర్సులన్నీ ఏపీతో పోతే నింపడానికి కష్టమైనవే మిగులుతాయి.

స్కోరు పంపడానికి ఏడాదికి ఒక కాలేజీకి జూన్ 20 లోపు ఉచితం, ఆ తర్వాత ఒక్కోదానికి 15 డాలర్లు. ఓరియెంటేషన్‌కి వెళ్ళేటప్పుడు పెన్సిల్ గీతలున్న ఆ ఫ్లోచార్టే తీసుకెళ్ళండి. అడ్వైజర్ ముందు పెట్టి మూడు సంగతులు అడగమనండి: స్కోరు రాగానే క్రెడిట్ దానంతటదే పడుతుందా, మనం కోరాలా? ఒక్క కోర్సుది మాత్రం వద్దనుకోవచ్చా? వద్దన్నాక మళ్ళీ కావాలంటే ఎప్పటిలోగా చెప్పాలి? జవాబులు ఈమెయిల్‌లో రాయించుకోండి.