అమ్మాయిలు ఏ తరగతిలో బడి మానేస్తున్నారో లెక్క తీయడం ఎలా?

హాజరు పట్టీలో అమ్మాయిల పేర్లు, అబ్బాయిల పేర్లు లెక్కపెట్టి పోల్చేయడం చాలామంది చేసే పొరపాటు. ఒకచోట 12–14 ఏళ్ల అమ్మాయిలు 200 మంది ఉంటే బడిలో 150 మంది, అబ్బాయిలు 240 మంది ఉంటే 192 మంది చేరారనుకుందాం. 150ని 192తో భాగిస్తే 0.78 వస్తుంది, గుండె జారిపోతుంది. ముందు ఎవరి శాతం వాళ్లకు తీయాలి: అమ్మాయిలు 75, అబ్బాయిలు 80. ఇప్పుడు 75ని 80తో భాగిస్తే 0.94. దీన్నే లింగ సమానత సూచీ అంటారు. యునెస్కో 0.97 నుంచి 1.03 వరకు సమానత కింద లెక్కేస్తుంది. 1.03 దాటితే వెనకబడింది అబ్బాయిలే. పశువులు కాయడానికి మగపిల్లల్ని పంపే ఆఫ్రికా దేశం లెసోతోలో చాలాకాలం జరిగింది అదే. ఇద్దరూ 40 శాతమే చేరినా సూచీ 1 చూపిస్తుంది కాబట్టి, సూచీ పక్కన శాతాలు కూడా రాయండి.

తర్వాత ఒకే జట్టును పట్టుకోండి. నిరుడు ఐదో తరగతిలో ఉన్న అమ్మాయిల జాబితా తీసి, ఈ ఏడు ఆరులో ఎవరున్నారో పేరు పేరునా చూడండి. ఐదులోనే మళ్లీ చదువుతున్నవాళ్లను పక్కన పెట్టండి. టీసీ తీసుకుని వేరే బడిలో చేరినవాళ్లను కూడా, అక్కడ వాకబు చేశాకే, పక్కన పెట్టండి. మిగిలినవాళ్లే మానేసినవాళ్లు. పట్టీలో పేరుండి మనిషి రానివాళ్లూ ఉంటారు. అందుకే చెప్పకుండా మూడు మామూలు రోజుల్లో వెళ్లి తలలు లెక్కపెట్టండి. తనిఖీ రోజు లెక్క దేనికీ పనికిరాదు.

గైర్హాజరు తీరే చాలావరకు కారణం చెబుతుంది. నెలనెలా రెండు మూడు రోజులు రాకపోతే మరుగుదొడ్డి చూడండి. గది కట్టారు సరే, లోపలి గడియ పడుతోందా? నీళ్లున్నాయా? వాడిన ప్యాడ్లు వేయడానికి మూతబుట్ట ఉందా? తాళంచెవి మగ టీచరు దగ్గరుంటే అడగడానికి సిగ్గుపడి పిల్లలు ఇంటిదారి పడతారు. కోతల కాలంలో ఖాళీ అయితే కూలిపని, సెలవుల తర్వాత తిరిగి రాకపోతే పెళ్లి అయి ఉండొచ్చు, వెంటనే ఇంటికెళ్లాలి. పై బడికి మారేచోట ఆగిపోతే ముందు దూరం కొలవండి. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లకు డబ్బిచ్చారు. ఉన్నత పాఠశాల 3 కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్లలోనే దాని ఫలితం బాగా కనిపించింది.

ఉపకార వేతనమైతే షరతులు ముఖ్యం. బంగ్లాదేశ్ 1994లో హైస్కూలు అమ్మాయిల కోసం దేశమంతటా పెట్టిన పథకంలో 75 శాతం హాజరు, పరీక్షల్లో 45 శాతం మార్కులు, పెళ్లి కాకుండా ఉండడం అడిగారు. మూడో షరతు వల్ల పెళ్లి వాయిదా వేయడానికి ఇంట్లో ఒక కారణం దొరికింది. కానీ డబ్బు ఫీజు గడువు దాటాక చేతికొస్తే అప్పటికే పిల్ల మానేసి ఉంటుంది.

చివరగా, ఒక్కొక్కరి చేత రెండో తరగతి పేరా పైకి చదివించండి. ఐదో తరగతిలో ఉండి అది చదవడానికి తడబడే అమ్మాయి రేపు బడి మానేయొచ్చు, ఆ పేరు ఇప్పుడే రాసిపెట్టుకోండి.