ఫిర్యాదు నమోదు నుంచి పరిష్కారం దాకా: స్థానిక సంస్థలు సాంకేతికతను వాడుకోవలసిన తీరు

సేవలను మెరుగుపరచాలనుకున్న స్థానిక సంస్థలు చాలావరకు మొదటి అడుగుగా ఒక యాప్ తయారు చేయిస్తాయి. నిజానికి యాప్ గురించి చివర్లో ఆలోచించినా నష్టం లేదు. ముందుగా ఒక్క సేవను ఎంచుకొని, దాని దారి మొత్తాన్ని కాగితం మీద రాసుకోవాలి. వీధి దీపం వెలగడం లేదన్న ఫిర్యాదు ఎవరికి అందుతుంది, ఏ విభాగానికి వెళ్తుంది, కొత్త దీపం ఎవరి సంతకంతో గిడ్డంగి దాటుతుంది, పని పూర్తయిందని ఎవరు ధ్రువీకరిస్తారు అన్న వివరాలన్నీ ఆ పని రోజూ చేసే సిబ్బందిని కూర్చోబెట్టుకొని రాయాలి. అక్కరలేని సంతకాలను ఈ దశలోనే తొలగించాలి. వాటిని అలాగే ఉంచి కంప్యూటరులోకి ఎక్కిస్తే ఆలస్యం కూడా వాటితోపాటే ఎక్కుతుంది.

తర్వాత ఫిర్యాదులన్నీ ఒకే పుస్తకంలోకి చేరే ఏర్పాటు చేయాలి. అమెరికాలోని బాల్టిమోర్ నగరం 1996లో 311 నంబరును ప్రవేశపెట్టింది. అత్యవసరం కాని కాల్స్ అక్కడి అత్యవసర నంబరైన 911 లైన్లను నింపేయకుండా చూడటం దాని తొలి ఉద్దేశం. తర్వాత అనేక నగరాల్లో పౌర సేవలన్నింటికీ అదే నంబరు ప్రవేశ ద్వారమైంది. ఫోన్, కౌంటరు, వెబ్‌సైట్, సందేశం అనే మార్గాలన్నీ ఉండవచ్చు గాని, ఏ మార్గంలో వచ్చిన ఫిర్యాదుకైనా ఒకే వరుసలో సంఖ్య పడాలి. స్థలం, సమయం, బాధ్యుడైన ఉద్యోగి, గడువు అనే నాలుగు వివరాలు తప్పక నమోదు కావాలి. ఏ సమస్య ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో తెలుసుకునే భారం పౌరుడి మీద వేయకూడదు. బ్రిటన్‌లో 2007లో మొదలైన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్ ఈ చిక్కును చక్కగా పరిష్కరించింది: పటం మీద చోటు గుర్తిస్తే చాలు, ఫిర్యాదు సంబంధిత కౌన్సిల్‌కు (అక్కడి స్థానిక సంస్థకు) దానంతటదే వెళ్తుంది, పైగా అది అందరికీ కనిపిస్తుంది కనుక అదే గుంత గురించి పొరుగువారు మళ్లీ రాయనక్కరలేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఫిర్యాదును ముగించే దశ. గడువులోగా ముగించిన ఫిర్యాదుల శాతాన్ని బట్టి సిబ్బందిని అంచనా వేస్తే, పని కాకముందే ‘పరిష్కరించబడింది’ అని నమోదు చేసే అలవాటు దాదాపు తప్పకుండా మొదలవుతుంది. అందుకే ముగింపు అధికారాన్ని పని చేసినవారి చేతిలో మాత్రమే ఉంచకూడదు. పని పూర్తయిన చోట తీసిన ఫొటో, స్థలం, సమయంతో సహా జతపడాలి. ఫిర్యాదుదారుకు సందేశం వెళ్లాలి. పని కాలేదని ఆయన లేదా ఆమె చెబితే అదే సంఖ్యతో ఫిర్యాదు మళ్లీ తెరుచుకోవాలి. అప్పుడు గడువును మొదటి తేదీ నుంచే లెక్కించాలి, లేకపోతే ఆలస్యం లెక్కల్లో మాయమవుతుంది. ఏ విభాగంలో ఎన్ని ఫిర్యాదులు తిరిగి తెరుచుకున్నాయన్న అంకె, ఎన్ని ముగిశాయన్న అంకె కంటే ఎక్కువ నిజం చెబుతుందని నా గట్టి నమ్మకం.

ఆ అంకెలను చూసి నిర్ణయం తీసుకునేవారు లేకపోతే వాటిని చూపే డ్యాష్‌బోర్డు తెర గోడకు అలంకారమే. బాల్టిమోర్‌లోనే మేయర్ మార్టిన్ ఓమాలీ హయాంలో సిటీస్టాట్ పేరుతో క్రమం తప్పని సమీక్షలు జరిగాయి. విభాగాధిపతులు తమ అంకెలకు మేయర్ బృందం ఎదుట అక్కడికక్కడే జవాబు చెప్పేవారు. రోడ్డు గుంతను ఫిర్యాదు అందిన 48 గంటల్లో పూడుస్తామన్న హామీ అలాంటి సమీక్ష ఉన్నచోటే నిలబడుతుంది. సమీక్షలో ఒకే చోట పదేపదే వచ్చే ఫిర్యాదులను వేరుగా చూడాలి. ఒక వీధిలో మురుగు నీరు మళ్లీ మళ్లీ పొంగుతుంటే, అక్కడ కావలసింది మరో మరమ్మతు కాదు, గొట్టం మార్పు.

ఫిర్యాదులు రాని ప్రాంతంలో సమస్యలు లేవని అనుకోవడం పెద్ద పొరపాటు. కారు కుదుపులను స్మార్ట్‌ఫోన్ ద్వారా పసిగట్టి గుంతలను గుర్తించే స్ట్రీట్ బంప్ యాప్‌ను బోస్టన్ నగరం పరీక్షించినప్పుడు, ఫోన్లు తక్కువగా ఉండే పేదలు, వృద్ధుల ప్రాంతాలు లెక్కలోకి రాకుండాపోయే ప్రమాదం ముందుకొచ్చింది. కాబట్టి సిబ్బంది స్వయంగా తిరిగి నమోదు చేసే తనిఖీని, మనిషి కూర్చునే కౌంటరును ఎప్పుడూ కొనసాగించాలి.

భద్రతను వాయిదా వేయకూడదు. 2018 మార్చిలో రాన్సమ్‌వేర్ (సమాచారాన్ని తాళం వేసి డబ్బు అడిగే హానికర సాఫ్ట్‌వేర్) దాడి వల్ల అమెరికాలోని అట్లాంటా నగరంలో బిల్లుల చెల్లింపు సహా పలు సేవలు స్తంభించాయి. నెట్‌వర్క్‌కు సంబంధం లేని చోట బ్యాకప్ ఉంచి, దాని నుంచి సమాచారం నిజంగా తిరిగి వస్తోందో లేదో అప్పుడప్పుడూ పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్ సంస్థతో చేసుకునే ఒప్పందంలో సమాచారం స్థానిక సంస్థదేనని, ఒప్పందం ముగిసిన రోజున దాన్ని ఇతర సాఫ్ట్‌వేర్లు చదవగలిగే రూపంలో పూర్తిగా అప్పగించాలని సంతకానికి ముందే రాయించుకోవాలి.