సృజన సాధన, 3వ పాఠం: వస్తువును విడగొట్టి చూడటం

పోయిన పాఠంలో ఇటుకతో ఏమేం చేయొచ్చో రాయమన్నాను. సాధారణంగా ఆ జాబితా గోడతో మొదలై అరుగు, మెట్టు, పొయ్యి దాకా వెళ్లి ఆగిపోతుంది. అన్నీ కట్టడాలే. లెక్క పెరుగుతుంది గానీ ఆలోచన ఒకే దారిలో నడుస్తుంటుంది. ఆ దారి మార్చే పద్ధతి ఇవాళ చూద్దాం.

ముందు ఒక చిక్కుముడి. మీ దగ్గర బరువైన రెండు ఉక్కు రింగులు, ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపుల్ల, ఒక ఉక్కు దిమ్మ ఉన్నాయి. రింగులు రెండూ విడిపోకుండా కలపాలి. కరిగించిన మైనం ఆ బరువుకు ఆగదు. ఇక్కడ ఆగి ఐదు నిమిషాలు ఆలోచించండి. నిజంగానే ఆగండి, జవాబు ముందే చదివేస్తే ఈ పాఠం సగం వృథా.

దిమ్మ అంచుతో మైనం గీకేసి, లోపలి ఒత్తి బయటికి తీసి, దానితో రింగులు కట్టేయడమే జవాబు. అమెరికా పరిశోధకుడు టోనీ మెక్‌కాఫ్రీ 2012లో ప్రచురించిన అధ్యయనంలోది ఈ లెక్క. తాడు కావాలని చాలామందికి తోస్తుంది, తాడు కళ్లెదుటే ఉందని మాత్రం తోచదు.

ఈ ఇబ్బందిని జర్మన్ మనస్తత్వవేత్త కార్ల్ డుంకర్ 1930లలోనే ప్రయోగాలతో చూపించాడు. తలుపుకు కొవ్వొత్తులు నిలబెట్టాలి. చిన్న పెట్టెలను పిన్నులతో తలుపుకు గుచ్చి, వాటి మీద కొవ్వొత్తులు పెడితే సరిపోతుంది. పెట్టెలు ఖాళీగా ఇస్తే ఆ ఉపాయం సులువుగా తట్టింది. అవే పెట్టెల్లో సామాను వేసి ఇస్తే చాలామందికి తట్టలేదు. 2000లో వచ్చిన మరో అధ్యయనంలో, ఇలాంటి పరీక్షలో ఐదేళ్ల పిల్లలకు పెట్టె నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా పెద్ద తేడా కనిపించలేదు. ఆరేడేళ్ల వాళ్లు మాత్రం నిండు పెట్టె దగ్గర తడబడ్డారు. దీన్ని పట్టుకుని, పిల్లల ఆలోచనను బడే మొద్దుబారుస్తుందని తిట్టేవాళ్లున్నారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. ఏ వస్తువు దేనికో ఠక్కున తెలియకపోతే పొద్దున్న టిఫిన్ కూడా తయారవదు. ఆ తెలివిడిని అవసరమైనప్పుడు కాసేపు పక్కన పెట్టగలగడమే మనం నేర్చుకోవాల్సింది.

మెక్‌కాఫ్రీ పద్ధతిలో ప్రశ్నలు రెండే. దీన్ని ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టొచ్చా? ఈ భాగం గురించి నేను చెప్పిన మాటలో దాని పని దాగి ఉందా? దాగి ఉంటే, పదార్థమూ ఆకారమూ మాత్రమే తెలిసేలా మళ్లీ చెప్పాలి. ఒత్తి అంటే వెలిగించేది. ‘పొడవాటి నూలు పోగుల పేట’ అన్నామంటే కట్టడానికీ పనికొస్తుందని వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అటక మీది పాత గొడుగు దించండి. పిడిని పిడి అనొద్దు, ‘వంపు తిరిగిన గట్టి ప్లాస్టిక్ ముక్క’ అని రాయండి. గుడ్డ ‘నీళ్లు ఇంకని పల్చటి బట్ట, త్రికోణపు ముక్కలుగా కుట్టినది’ అవుతుంది. చువ్వలు, స్ప్రింగు, నడిమి కడ్డీ మీ వంతు. మొదట్లో ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది, కానీ ఈ మెట్టు దాటేయకండి.

భాగాలన్నీ రాశాక గొడుగును కనబడకుండా పెట్టేసి, కాగితం మీది వర్ణనలు మాత్రమే చూస్తూ ఒక్కోదానికి మూడేసి ఉపయోగాలు రాయండి. వానకూ ఎండకూ సంబంధించినవి కొట్టేయండి. వచ్చే పాఠంలో ఇదే పనిని నలుగురు కలిసి చేస్తే ఆలోచనలు పెరుగుతాయా తగ్గుతాయా అన్నది చూస్తాం. అందుకే ఈసారి ఒంటరిగానే చేసి, కాగితం దాచుకోండి.