అల్బర్రాసిన్‌లో మూడు రోజులు: ఎర్రరాతి ఊరిని నడిచి చూసే పద్ధతి

స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతం దక్షిణ కొసన, టెరుయెల్ నగరానికి సుమారు 38 కిలోమీటర్ల దూరంలో, గ్వాదలవియార్ నది చుట్టి పారే ఒక కొండ మీద అల్బర్రాసిన్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా వెయ్యికి అటూ ఇటూ. స్థానికులు పేరు చివర ‘థీన్’ అన్నట్టుగా పలుకుతారు కనుక, దారి అడిగేటప్పుడు మీరూ అలాగే పలకడం మంచిది. చాలామంది పొద్దున వచ్చి, ఇరుకు సందుల్లో నాలుగు ఫోటోలు తీసుకుని, సాయంత్రానికి వెళ్ళిపోతారు. వాళ్ళకు ఇది ఒక అందమైన ఊరు మాత్రమే. ఇక్కడ కనీసం రెండు రాత్రులు ఉండి, ముందు నదిని, తరువాత కోటగోడను, ఆ తరువాతే ఊరిని, చివరికి అడవినీ కొండలనూ చూసినవారికి మాత్రం ఈ ఇళ్ళు ఇక్కడే, ఈ రంగులోనే ఎందుకు నిలిచాయో బోధపడుతుంది. నేను ఈ వరసను గట్టిగా సిఫారసు చేస్తున్నాను.

వలెన్సియా, సరగోసా నగరాలను కలిపే రైలు మార్గం టెరుయెల్ మీదుగానే వెళుతుంది కాబట్టి, ఎటు నుంచి వచ్చినా అక్కడి దాకా రైలులో చేరవచ్చు. టెరుయెల్ నుంచి అల్బర్రాసిన్‌కు బస్సులు చాలా తక్కువ, వారాంతాల్లో వాటిని నమ్ముకోకూడదు. మూడో రోజు కొండ గ్రామాలు చూడాలనుకుంటే అద్దె కారు తప్పనిసరి. మన దేశపు లైసెన్సుతో నడిపేవారి దగ్గర అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. పాత ఊరి సందుల్లోకి కారు తీసుకువెళ్ళే ప్రయత్నం చేయకుండా, దిగువన ఉన్న పార్కింగ్ స్థలంలోనే వదిలి, చేతిలో మోయగలిగినంత సామానుతో మెట్లెక్కాలి.

ఊరు సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైనే ఉంది. శీతాకాలపు రాత్రులు ఇక్కడ గడ్డకట్టిస్తాయి, ఆగస్టు మధ్యాహ్నాలు కొండ ఎక్కనివ్వవు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు, మళ్ళీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు వెళ్ళడం ఉత్తమం. ఆ నెలల్లో కూడా సాయంత్రానికి స్వెటర్ కావలసివస్తుంది.

మొదటి రోజు గదిలో సామాను పెట్టగానే ఊరు చూడాలనిపించినా ఆగి, నది ఒడ్డున వేసిన కాలిబాట పట్టాలి. కొన్నిచోట్ల చెక్క పలకల మీదుగా, ఒకచోట ఊగే వంతెన మీదుగా సాగే ఈ బాట, తొందరపడకుండా నడిచినా గంట, గంటన్నరలో పూర్తవుతుంది. ఎండాకాలంలో కూడా చెట్ల నీడ ఉంటుంది. అక్కడి నుంచి తలెత్తి చూస్తే, నది కోసిన రాతి గోడ అంచున ఇళ్ళు ఎలా నిలబడ్డాయో, వాటికి వేరే కందకం అవసరం ఎందుకు లేకపోయిందో అర్థమవుతుంది. ఇదే నది టెరుయెల్ దాటాక తూరియా అనే పేరుతో వలెన్సియా దగ్గర మధ్యధరా సముద్రంలో కలుస్తుంది.

ఎండ తగ్గాక కోటగోడ ఎక్కాలి. ఊరి పైభాగం నుంచి మొదలయ్యే ఏటవాలు బాట కొండ కొమ్మున ఉన్న ఆందదోర్ బురుజుకు చేరుస్తుంది. బురుజు పదో శతాబ్దం నాటిది, దానికి కలిపి కట్టిన గోడ చాలావరకు తరువాతి కాలానిది. పైకి చేరాక కింద ఉన్న ఇళ్ళను చూడటం సహజమే గానీ, గోడ లోపల ఎంత ఖాళీ నేల ఉందో గమనించడం మరిచిపోకూడదు. గోడ చుట్టివచ్చింది ఇళ్ళను మాత్రమే కాదు, ఇళ్ళకు పైనున్న కొండ చరియనంతా. ఎందుకంటే ఆ ఎత్తు శత్రువు చేతికి చిక్కితే కింద ఉన్న ఊరు నిలవదు. 11వ శతాబ్దంలో బనూ రజీన్ అనే బెర్బర్ వంశం ఇక్కడ ఒక చిన్న స్వతంత్ర రాజ్యాన్ని ఏలింది. ఊరి పేరు వాళ్ళ నుంచి వచ్చినదే. ఆ తరువాత అసాగ్రా అనే క్రైస్తవ ప్రభు వంశం కూడా పక్కనున్న పెద్ద రాజ్యాలకు లొంగకుండా ఈ కొండను కాపాడుకుంది. చివరికి 1284లో ఆరగాన్ రాజు మూడో పేద్రో ముట్టడించి దీన్ని పట్టుకున్నాడు. ఆ ఖాళీ చరియను కళ్ళారా చూసినప్పుడు ఈ చరిత్ర దానంతట అదే మనసుకు ఎక్కుతుంది. బాటలో వదులు రాళ్ళుంటాయి, పైన అన్నిచోట్లా పట్టుకోవడానికి కమ్మీలు ఉండవు. అందుచేత జారని బూట్లు వేసుకోవాలి, పిల్లల చేయి వదలకూడదు, గాలి బలంగా వీచే రోజున ఎక్కకూడదు.

దిగివచ్చాక ఊళ్ళో తిరగడానికి పటం అక్కరలేదు. స్థానికంగా దొరికే ఎర్రని జిప్సం గచ్చుతో పూసిన గోడలు సాయంకాలపు వెలుగులో ముదురుతాయి. నేల ఇరుకు కావడం వల్ల పై అంతస్తులను బయటికి చాచి కట్టారు. కొన్ని సందుల్లో ఎదురెదురు చూరులు దాదాపు తగులుకుంటూ ఆకాశాన్ని ఒక సన్నని గీతగా మిగులుస్తాయి. హులియానేత ఇల్లు అని పిలిచే ఒక చిన్న ఇల్లు వంగిన దూలాలతో, రెండు వీధుల నడుమ ఒరిగినట్టు నిలబడి ఉంటుంది. తలుపుల దగ్గర కాస్త ఆగండి. కొన్నింటికి బల్లి ఆకారంలో చేసిన ఇనుప తట్టుడు కడ్డీలు ఉంటాయి. తోక సుడి తిరిగి, వీపు చేతుల రాపిడికి నునుపెక్కి, తల తలుపు మేకు మీద ఆనుకుని ఉన్న ఒక కడ్డీ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అవి ఇప్పటికీ మనుషులు కాపురముండే ఇళ్ళ తలుపులు కాబట్టి చూడవలసిందే గానీ తట్టకూడదు. 16వ శతాబ్దపు కేథడ్రల్‌నూ పాత కోట లోపలి భాగాన్నీ బాగా చూడాలంటే గైడుతో నడిచే పర్యటనలో చేరాలి. వాటి సమయాలు ముందురోజే కనుక్కోవడం మంచిది.

భోజనం విషయంలో ఒక హెచ్చరిక. మధ్యాహ్న భోజనం రెండు గంటల నుంచి నాలుగులోపు, రాత్రి భోజనం దాదాపు తొమ్మిది తరువాత. నడుమ వంటగదులు మూసివేస్తారు. నేను ఒకసారి అడవి నుంచి నాలుగున్నరకు దిగివచ్చి, తెరిచి ఉన్న చోటు దొరకక, సంచిలో మిగిలిన రొట్టెతోనే రాత్రి దాకా గడిపాను. టెరుయెల్ పందిమాంసపు హామోన్‌కు పేరుపడ్డ ప్రాంతం. రొట్టె ముక్కలతో చేసే మీగాస్ వంటి, చూడటానికి శాకాహారంగా కనిపించే వంటల్లో కూడా మాంసం కలుస్తుంది. శాకాహారులు ‘సిన్ కార్నె, సిన్ హామోన్’ (మాంసం లేకుండా, హామోన్ లేకుండా) అని రెండూ విడివిడిగా చెప్పాలి. స్థానిక జున్ను చాలా బాగుంటుంది.

రెండో రోజును పూర్తిగా రొదేనో పైన్ అడవికి కేటాయించండి. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన రోజు ఇదేనని నా నమ్మకం. ఊరి నుంచి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, బేసాస్ గ్రామానికి వెళ్ళే రోడ్డు పక్కన, ఇనుము కలిసిన ఎర్రని ఇసుకరాయి గుండ్లు అడవంతా పరుచుకుని ఉంటాయి. ఆ రాతినే రొదేనో అంటారు, దాని మీద పెరిగే పైన్ చెట్టుకూ అదే పేరు. 1995 నుంచి ఇది రక్షిత ప్రాంతం. ఒకప్పుడు బంక తీయడానికి చెక్కిన గాట్లు కొన్ని ముదురు చెట్ల మొదళ్ళ మీద ఇంకా కనిపిస్తాయి.

ఈ గుండ్ల నీడలో వేల ఏళ్ళ నాటి చిత్రాలున్నాయి. 1892లో వీటి గురించి తొలిసారి బయటి ప్రపంచానికి తెలిసింది. 1998లో స్పెయిన్‌లోని మధ్యధరా వైపు ప్రాంతాల శిలాచిత్రాలన్నిటితో కలిపి యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నడక గుర్తులను అనుసరిస్తే ముందు ప్రాదో దెల్ నవాసో దగ్గరి ఎద్దుల చిత్రాలను చేరుకుంటారు. ఇనుప కంచె ముందు నిలబడగానే ఏమీ కనిపించక నిరాశ కలుగుతుంది. అప్పుడే వెనుదిరగకండి. కళ్ళు రాతి ఎరుపుకు అలవాటు పడే దాకా రెండు మూడు నిమిషాలు కదలకుండా చూస్తే, ముందు ఒక మూపురం గీత, తరువాత ఒక కొమ్ము, ఆ తరువాత తెల్లగా ఒక ఎద్దు ఒళ్ళంతా తేలివస్తుంది. మిగతా చోట్ల ఈ కాలపు చిత్రాలు ఎక్కువగా ఎరుపులో ఉంటే, ఇక్కడ తెలుపు వాడటం ప్రత్యేకత. పొద్దుటి పక్కవెలుగులో ఇవి బాగా కనబడతాయి. ఫ్లాష్ వాడకూడదు. రంగు తేలడానికి రాతిని తడిపే పాత అలవాటు ఈ చిత్రాలకు ఎంతో హాని చేసింది, కాబట్టి కంచె లోపలికి చేయి కూడా చాచకూడదు.

ఇదే అడవి బౌల్డరింగ్‌కు, అంటే తాడు లేకుండా పొట్టి గుండ్లు ఎక్కే క్రీడకు, యూరప్‌లో పేరుపొందిన చోటు. పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే పరుపులు ఊళ్ళో అద్దెకు దొరుకుతాయి. చలికాలపు పొడి రోజుల్లో రాయి బాగా పట్టునిస్తుంది. వాన తరువాత ఈ ఇసుకరాయి మెత్తబడి, పట్టుకున్న అంచు ఊడివస్తుంది. తిరిగి అతుక్కోని ఆ అంచుతో పాటు ఆ ఎక్కుడు దారి కూడా శాశ్వతంగా చెడిపోతుంది. అందువల్ల రాయి లోపలి దాకా ఆరే వరకు ఆగడం ఎక్కేవారి బాధ్యత. చిత్రాల దగ్గర ఎక్కడం నిషిద్ధం. పక్షులు గూళ్ళు కట్టే కాలంలో కొన్ని భాగాలు మూసివేస్తారు, కాబట్టి అక్కడి బోర్డులు చదివాకే పరుపు దించాలి.

మూడో రోజు కారులో నైరుతి దిశగా కాలొమార్దె గ్రామానికి వెళ్ళాలి. రోడ్డుకు దగ్గరలోనే పాత మర దగ్గరి జలపాతం ఉంది. వసంతంలో నిండుగా, ఎండాకాలం చివర సన్నగా పారుతుంది. అక్కడే ఓస్ అనే ఇరుకు లోయలో, రాతి గోడలకు బిగించిన ఇనుప నడకదారుల మీద నదిని ఆనుకుని నడవవచ్చు. ఎత్తుకు భయపడేవారికి కూడా ఇది కష్టం కాదు. తల మీద రాబందులు తిరుగుతూ ఉంటాయి. ఇంకా ముందుకు, ఫ్రియాస్ గ్రామం దాటాక, తాహో నది పుట్టేచోటు వస్తుంది. ఇనుముతో చేసిన ఒక పెద్ద విగ్రహం తప్ప అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు, నీరు కూడా సన్నని ఊట మాత్రమే. ఆ ఊటే వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. మొదటి రోజు మీరు ఒడ్డున నడిచిన గ్వాదలవియార్ ఇదే కొండల్లో పుట్టి అటు మధ్యధరాకు పోతుంది. ఆ సంగతి గుర్తుంచుకుని వెళితే ఆ చిన్న ఊట దగ్గర కాసేపు కూర్చోబుద్ధవుతుంది.

టెరుయెల్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో హేయా గ్రామం దగ్గర ఆగండి. గ్వాదలవియార్ నీటిని సేయా అనే ఊరి దాకా తీసుకువెళ్ళడానికి రోమన్లు ఒకటో శతాబ్దంలో కొంతమేర కొండ లోపల తొలుస్తూ కట్టిన సుమారు 25 కిలోమీటర్ల కాలువలో కొంత భాగం అక్కడ తెరిచి ఉంది. ఆ సొరంగంలో తల వంచుకుని నడవాలి, వెంట టార్చి ఉండాలి. గోడల మీద ఉలి దెబ్బలు ఇప్పటికీ వేలికి తగులుతాయి.